అడుగు లేని జేబు

"ఇంకో రకం చూపించనా పాపా?" అంది షాపు ఆంటీ.

"వద్దాంటీ. నాకిదే కావాలి."

తెలుసమ్మ పసుపుపచ్చ వాన ప్యాంటును రెండు చేతులతో గుండెకు హత్తుకుని నిలబడింది. ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు.

తెలుసమ్మ ఆ అమ్మాయి అసలు పేరు కాదు. ఐదో క్లాసు మొత్తం కలిసి పెట్టిన పేరు. ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే "తెలుసు" అనేస్తుంది మరి. లెక్కలు తెలుసు. దారి తెలుసు. పాలు పొంగుతాయని కూడా తెలుసు. పొంగాక స్టవ్ తుడవడం మాత్రం నాన్న పని.

ఆ షాపులో అన్నీ వాన సామాన్లే. గొడుగులు, రెయిన్‌కోట్లు, రబ్బరు బూట్లు. మధ్యలో స్టాండు మీద ఒక పాత సైకిలు. దాని పక్కన, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా. ప్యాంటు కొనేవాళ్ళు అది వేసుకుని ఆ సైకిలెక్కి తొక్కాలి. ఆంటీ డబ్బాతో వాళ్ళ మోకాళ్ళ మీద వాన కురిపిస్తుంది.

నాన్న పోస్ట్‌మన్. పదిహేనేళ్ళుగా వానలో సైకిలు తొక్కుతున్నాడు.

"ఒకసారి ఎక్కి చూడు తల్లీ," అన్నాడు. "నిలబడితే అన్ని ప్యాంట్లూ బుద్ధిమంతుల్లాగే ఉంటాయి. మోకాలు వంచితేనే వాటి బండారం బయటపడేది. సర్రున పైకి లాక్కుపోతాయి."

"తెలుసు నాన్నా."

"పోనీ, లోపలికి తిప్పి చూడు," అంది ఆంటీ. "కుట్ల మీద టేపు వేసి ఉండాలి. లేకపోతే సూది గుచ్చిన ప్రతి కన్నంలోంచీ..."

"నీళ్ళు దిగుతాయి. తెలుసాంటీ."

ఆంటీ పకపకా నవ్వింది. "అన్నీ తెలిసినవాళ్ళకి అమ్మడం ఎంత సుఖమో! నోటికి పనే లేదు."

నాన్న డబ్బులిచ్చి, తన సైకిలు తాళం తీయడానికి బయటికి వెళ్ళాడు. ఆంటీ ప్యాంటు మడత పెడుతూ, నడుము పక్కనున్న జిప్పు మీద వేలు పెట్టింది.

"ఒక్క మాట మాత్రం విను పాపా. ఇక్కడ జేబుల్లా ఉన్నాయే, ఇవి..."

"తెలుసాంటీ!"

ఆ మాట గుమ్మం దగ్గర్నుంచి వినిపించింది. ప్యాంటు కూడా అప్పటికే ఆమె చంకలో ఉంది. ఆంటీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

తెలుసమ్మ తొందరకి కారణం ఉంది. మనసంతా మర్నాటి పని మీదే. ఆమె స్కూలు బ్యాగులో ఒక తాళంచెవి ఉంది. మామూలు తాళంచెవి కాదు. పన్నెండు ప్రాణాల తాళంచెవి.

స్కూల్లో సైన్సు గది ఉంది. అందులో గుడ్లు పొదిగే గాజు పెట్టె ఉంది. పెట్టెలో పన్నెండు కోడిగుడ్లు. ఇరవై రోజులుగా ఐదో క్లాసు వంతులవారీగా వాటిని చూసుకుంటోంది. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో నంబరు రాసి ఉంది. ఏడో నంబరు తెలుసమ్మది.

ఆదివారం వంతు తెలుసమ్మది. టీచర్ వాళ్ళ ఊరు వెళుతూ శనివారం తాళంచెవి ఇచ్చారు.

"రేపు పిల్లలు పెంకు పగలగొట్టే రోజు. పదింటిలోపు పక్క గొట్టంలోంచి గోరువెచ్చని నీళ్ళు పొయ్యాలి. పెట్టెలో తడి ఆరిపోతే గుడ్డు లోపలి పొర ఎండిపోయి పిల్లకి అతుక్కుపోతుంది. ఇక అది బయటికి రాలేదు. సరేనా?"

ఆ మాటలకి మాత్రం తెలుసమ్మ "తెలుసు" అనలేదు. బుద్ధిగా తలూపింది.

"ఈ తాడుతో తాళంచెవి మెడలో వేసుకో. ఎందుకంటే..."

"తెలుసు టీచర్!"

అంతలోనే మామూలైపోయింది.

ఆదివారం పొద్దున్న వాన కుండపోతగా కురుస్తోంది. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి తెల్లవారకముందే వెళ్ళిపోయింది. తమ్ముడు ఇంకా నిద్రలో ఉన్నాడు కాబట్టి నాన్న ఇల్లు కదలడానికి లేదు.

తెలుసమ్మ పైజామా మీద కొత్త ప్యాంటు వేసుకుంది. రెయిన్‌కోటు వేసుకుంది. గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు బ్యాగులో పెట్టుకుంది. తాళంచెవికి ఉన్న తాడు విప్పేసింది. మెడలో వేలాడేసుకుని తిరగడానికి ఆమె ఏమైనా ఒకటో క్లాసా?

తాళంచెవిని కుడి జేబులో వేసి జిప్పు లాగింది. పైనుంచి రెండుసార్లు తట్టింది కూడా. ఇంతకంటే జాగ్రత్త ఎవరికుంటుంది?

"కాళ్ళ దగ్గర పట్టీలు బిగించుకున్నావా?" నాన్న గొడుగేసుకుని గేటు దాకా వచ్చాడు.

"తెలుసు నాన్నా, టైమవుతోంది!"

"నేనడిగింది తెలుసా అని కాదు, బిగించావా అని." నాన్న గొడుగు పక్కన పెట్టి, వానలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "కనీసం గొలుసు వైపుదైనా కట్టనీ."

కుడికాలి పట్టీ గట్టిగా బిగించాడు. ఎడమకాలి వైపు తిరిగేసరికి అక్కడ కాలు లేదు. సైకిలు వీధి మలుపు తిరుగుతోంది.

మలుపులో గడియారం ఎదురుచూస్తున్నాడు. వాడు ఆమె క్లాసే. నిమిషానికోసారి "టైమెంతయింది?" అని అడుగుతాడని వాడికా పేరు. ఈ మధ్యే వాచీ కొనిచ్చారు. ఇప్పుడు అడగడం మానేసి, తనే చెబుతున్నాడు. ఇవాళ వాళ్ళమ్మ వాన ప్యాంటు వేసుకొచ్చాడు. బూడిదరంగు. నాలుగు మడతలు.

"తొమ్మిదీ ఐదు! అబ్బో, నిమ్మకాయ వచ్చిందే!"

"అబ్బో, ఏనుగు కూడా వచ్చిందే!"

ఇద్దరూ వానలో సైకిళ్ళు పరిగెత్తించారు. రెండు వీధులు దాటేసరికి తెలుసమ్మ ఎడమ ప్యాంటు మోకాలి దాకా లాక్కుపోయింది. బూటులోకి నీళ్ళు చేరి బుడుక్ బుడుక్ మంటున్నాయి. నాన్న చెప్పింది గుర్తొచ్చింది కానీ, ఆ సంగతి ఎవరికీ చెప్పదలుచుకోలేదు.

ఇంకో శబ్దం కూడా వస్తోంది.

టిక్. టిక్. టిక్.

"ఏయ్, ఆ టిక్ టిక్ ఏంటి?" గడియారం అరిచాడు. "నేనుండగా నీ సైకిలు గడియారమైందేంటి?"

"గొలుసుకి నూనె అయిపోయింది. నాకు తెలుసు!"

అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ తాత వాళ్ళని లోపలికి పంపాడు. ఇద్దరూ వరండా దాటి సైన్సు గది దగ్గరికి పరిగెత్తారు.

"తొమ్మిదీ ఇరవై," అన్నాడు గడియారం. "బోలెడు టైముంది."

తెలుసమ్మ జిప్పు తీసి జేబులో చెయ్యి పెట్టింది.

చెయ్యి లోపలికి వెళ్ళింది. మణికట్టు దాకా వెళ్ళింది. ఇంకా వెళ్ళింది. మోచేతి దాకా దిగిపోయింది. చివరికి వేళ్ళకి తగిలింది తాళంచెవి కాదు, తన మోకాలు.

కంగారుగా చెయ్యి బయటికి లాగి, మళ్ళీ పెట్టి చూసింది.

"ఏమైంది?"

"జేబుకి... జేబుకి అడుగు లేదు."

గడియారం వంగి చూశాడు. జిప్పు తీసి చూశాడు, వేసి చూశాడు. "ఇది జేబు కాదు," అన్నాడు మెల్లగా. "కిటికీ."

తెలుసమ్మ గది కిటికీ దగ్గరికి పరిగెత్తింది. ఇనప చువ్వల్లోంచి గాజు పెట్టె కనిపిస్తోంది. నీళ్ళ తొట్టిలో అడుగున సన్నటి తడి, అంతే. బయట ఊరు మొత్తం నీళ్ళలో నానుతోంది. లోపల గ్లాసుడు నీళ్ళకి కరువు.

అప్పుడే ఒక గుడ్డు కదిలింది. పెంకు మీద చిన్న చుక్కంత పగులు.

ఏడో నంబరు.

వాచ్‌మన్ తాత తల గోక్కున్నాడు. "ఇంకో తాళంచెవి హెడ్‌మాస్టర్ గారి దగ్గరుంది. ఆయన రేపు గానీ రారు. తలుపు చూశావుగా, ఇనపది. నా వల్ల కాదమ్మా."

"దార్లో పడిపోయుంటుంది," అన్నాడు గడియారం. "పైన వేసింది కిందికి జారింది. కింద రోడ్డుంది. ప్యాంటుకి అడుగుండదు కదా!"

వాన గొడుగు కూడా ఆపలేనంతగా ఉంది. ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ వెనక్కి బయల్దేరారు. కళ్ళు రోడ్డు మీదే. మెరిసే ప్రతిదీ తాళంచెవిలాగే ఉంది. ఒకటి సీసా మూత. ఇంకోటి చాక్లెట్ కాగితం. రోడ్డు పక్క కాలువలో నీళ్ళు సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి. అందులో పడి ఉంటే...

"తొమ్మిదీ నలభై," అన్నాడు గడియారం. ఈసారి చాలా చిన్నగా.

తెలుసమ్మ కళ్ళలో నీళ్ళు. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఎదురుగా వాన సామాన్ల షాపు కనిపించింది. తలుపులు తెరిచే ఉన్నాయి. "వానాకాలంలో నాకు ఆదివారాలుండవు" అని ఆంటీ ఎప్పుడూ అంటుంటుంది.

తెలుసమ్మ సైకిలు గోడకి ఆనించి లోపలికి నడిచింది.

టిక్. టిక్. టిక్.

"ఏంటి పాపా, తడిసిన పిచ్చుకలా ఉన్నావు? ప్యాంటు కారుతోందా?"

"ఆంటీ, నిన్న మీరు జేబుల గురించి ఏదో చెప్పబోయారు," అంది తెలుసమ్మ. "నేను తెలుసన్నాను. నాకు తెలీదు. చెప్పండాంటీ."

ఆంటీ నవ్వలేదు. టవలు తెచ్చి ముందు ఆమె మొహం తుడిచింది.

"అవి జేబులు కావమ్మా. చీలికలు. లోపలి పైజామా జేబులోకి చెయ్యి పోవడానికి పెడతారు. అందులో ఏం వేసినా కాలి వెంట జారిపోతుంది. ఏం పడేశావు?"

"సైన్సు గది తాళంచెవి. పదింటిలోపు నీళ్ళు పొయ్యకపోతే మా కోడిపిల్లలు..." ఏడుస్తూ రెండడుగులు ముందుకేసింది.

టిక్. టిక్.

ఆంటీ తల పక్కకి వంచింది. "ఆ టిక్ టిక్ ఏంటి?"

"సైకిలు గొలుసండీ, నూనె అయిపోయిందట," అన్నాడు గడియారం.

"సైకిలు బయటుంది కదరా నాయనా. టిక్కేమో నా షాపులో ఉంది."

ఆంటీ తెలుసమ్మ వైపు తిరిగింది.

"ఏంటది పాపా?"

తెలుసమ్మ నోటి దాకా ఏదో వచ్చింది. దాన్ని మింగేసింది.

"తెలీదాంటీ."

"అయితే చూద్దాం. ఒక్కో కాలూ ఎత్తి కింద పెట్టు."

ఎడమకాలు. బుడుక్.

కుడికాలు. టిక్.

ఆంటీ కింద కూర్చుని కుడికాలి పట్టీ పట్టుకుంది. "అబ్బ, ఇంత గట్టిగా ఎవరు కట్టారు?"

"మా నాన్న," అంది తెలుసమ్మ.

పట్టీ విప్పగానే, ఇంతసేపూ బూటు బకిల్‌కి తగులుతూ టిక్ టిక్ మన్న తాళంచెవి జారి నేల మీద ఠంగుమని పడింది.

గడియారం ఎగిరి గంతేశాడు. నాలుగు మడతలూ ఊడిపోయి, వాళ్ళమ్మ ప్యాంటు కాళ్ళకి చుట్టుకుని, గొడుగుల బుట్ట మీద పడ్డాడు. పడ్డచోటు నుంచే చెయ్యెత్తి వాచీ చూశాడు.

"తొమ్మిదీ నలభై ఏడు! పద పద!"

ఆంటీ రెండు నిమిషాలు మాత్రం వాళ్ళని కదలనివ్వలేదు. తాళంచెవికి బూటు లేసు కట్టి తెలుసమ్మ మెడలో వేసింది. ఆమె రెండు పట్టీలూ బిగించింది. గడియారం ప్యాంటు మడతలకి నాలుగు బట్టల క్లిప్పులు పెట్టింది.

తర్వాత ఆ వీధిలో వెళ్ళినవాళ్ళకి ఒక నిమ్మకాయా, ఒక ఏనుగూ వానని చీల్చుకుంటూ దూసుకుపోవడం కనిపించింది. టిక్ టిక్ మాత్రం వినిపించలేదు.

తొమ్మిదీ యాభై ఆరుకి తాళం తెరుచుకుంది.

తెలుసమ్మ ఫ్లాస్కు మూత తీసి గొట్టం మీద వంచబోయి, చటుక్కున ఆగింది.

"పొయ్యవేంటి? నాలుగు నిమిషాలే ఉన్నాయి!"

"ఎంత పొయ్యాలో నాకు తెలీదు. టీచర్ గోడ మీద కాగితం అంటించారు కదా. చదువు."

గడియారం గబగబా చదివాడు. "ఎర్ర గీత దాకా మాత్రమే. గీత దాటితే నీళ్ళు గుడ్లకి తగులుతాయి. పెట్టె మూత తియ్యకూడదు."

ఫ్లాస్కులో ఉన్నది దానికి రెండింతలు. మొత్తం గుమ్మరించి ఉంటే? తెలుసమ్మ ఫ్లాస్కు జాగ్రత్తగా వంచింది. సన్నటి ధారగా, గీత దాకా పోసింది. చుక్క ఎక్కువ కాలేదు.

గాజు మీద మెల్లగా ఆవిరి పట్టింది.

ఇద్దరూ గడ్డాలు బల్లకి ఆనించి కూర్చున్నారు. ఎంతసేపో తెలియలేదు. గడియారం ఒక్కసారి కూడా వాచీ చూడలేదు.

ఏడో నంబరు గుడ్డు పగులు పెద్దదైంది. పెంకు మూతలా లేచింది. తడిసి ముద్దయిన చిన్న తల ఒకటి బయటికొచ్చి, "కీచ్" అంది.

"అచ్చం నీలాగే ఉంది," అన్నాడు గడియారం. "పసుపుపచ్చగా, తడిసిపోయి."

సోమవారం పొద్దున్న కూడా వాన తగ్గలేదు. నాన్న ఉత్తరాల సంచి భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి తెలుసమ్మ సైకిలెక్కలేదు. మెట్టు మీద కూర్చుని రెండు కాళ్ళూ చాపింది. మెడలో తాళంచెవి ఉంది.

"నాన్నా, ఈ పట్టీలు ఎందుకు కట్టాలి?"

"ఎందుకంటే, గొలుసులో..." నాన్న అలవాటు ప్రకారం అక్కడ ఆగాడు. "తెలుసు" కోసం ఎదురుచూశాడు.

అది రాలేదు. చూరు మీంచి వాన చుక్కలు పడుతున్నాయి. తెలుసమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నాన్న మొహంలోకి చూస్తోంది.

"ఊఁ, గొలుసులో?"

నాన్న సంచి కిందికి దించాడు. ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని, ఎడమకాలి పట్టీ చేతిలోకి తీసుకున్నాడు.

"గొలుసులో ఒకసారి నా ప్యాంటు ఇరుక్కుంది. అప్పటికి నువ్వింకా పుట్టలేదు..."

ఆ కథ తెలుసమ్మ ఇదివరకు చాలాసార్లు సగం వింది. రెండో సగం వినడం ఇదే మొదటిసారి.