లైసెన్సు లేని కెప్టెన్

సీతారాములుకు పని చేసిపెట్టి బాగుపడ్డ మనిషిని బాలరాజ్ ఇప్పటిదాకా చూడలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏసీ ఆఫీసు, వేళ్ల నిండా ఉంగరాలు, నోటి నిండా "తమ్మీ, నువ్వు మనోనివి". మనోడు అన్నాడంటే పైసలియ్యడని అర్థం. చంపాపేట్‌లో బాలరాజ్ మెకానిక్ షెడ్డు ముందర నిలబడి, అందరూ వినేటట్టు "ఏడో తరగతి తప్పినోనికి పని ఇప్పిచ్చిన" అని చెప్పుకున్న మనిషి ఆయన. ఇప్పించిన పనేమో ఏడాది పొడుగునా తన ప్లాట్ల వెంచర్ వ్యాన్లు, జీపులు బాగుచేయడం. జీతం అడిగితే, "పైసలు ఖర్చయిపోతయి తమ్మీ, నీకు ఒక ప్లాటే రాసిస్త" అనేవాడు.

ఆ సీతారాములే ఒకనాడు ట్రాలీ ఆటోలో ఒక ఇంజన్ పంపించాడు. చూడబోతే స్కూటర్ ఇంజన్‌కు పెద్దన్న లెక్క ఉంది. బాలరాజ్ విప్పి, కడిగి, బిగించి పంపించాడు. మర్నాడు పొద్దున షెడ్డు ముందర స్కూటీ ఒకటి సర్రున వచ్చి ఆగింది.

"ఇక్కడ బాలరాజుగారంటే ఎవరండీ?"

గారు అనేసరికి వెనక ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని బాలరాజ్ తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"నేనే. ఏంది మేడమ్?"

"నా ఇంజన్ ముట్టుకుంది మీరేనా?"

"ముట్టుకోకుంట ఎట్ల జేస్తం? దూరంకెంచి దండం బెడితే అయితదా?"

"అది స్కూటర్ కాదండీ. దాన్ని నమ్ముకుని నేను గాల్లో ఎగరాలి."

బాలరాజ్ చేతిలో పానా జారి కాలి మీద పడింది. నొప్పి కనపడనియ్యలేదు. ఆమె కండ్లు చూస్తుంటే నొప్పి ఎక్కడ తగిలిందో కూడా సరిగ్గా తెలియలేదు.

"ఏమైంది, స్టార్ట్ అయితలేదా?"

"అవుతోంది."

"మరి?"

"ఇదివరకు ఎప్పుడూ ఇంత బాగా అవలేదు. ఏం చేశారో కనుక్కుందామని వచ్చా."

"గీ మాత్రం దానికి కొట్లాటకొచ్చినట్టు అడుగుతరా?"

"మా తెనాలి వైపు మామూలుగా అడగడమే ఇంతండీ," అని నవ్వింది. ఆ నవ్వుతోనే బాలరాజ్ పని అయిపోయింది.

ఆమె పేరు శ్రీకళ. బడంగ్‌పేట్ అవతల సీతారాములు వెంచర్‌లో గాలిబండి నడుపుతుంది. మూడు చక్రాలు, ముందొక సీటు, వెనకొక సీటు, వెనకాల పెద్ద ఫ్యాను, పైన రంగురంగుల గొడుగు. ఆదివారం ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి వ్యాన్లలో జనాన్ని తెస్తారు. షామియానా కింద బిర్యానీ పెడతారు. ప్లాటు కొనేటట్టు కనపడ్డోళ్లను గాలిబండిలో ఒక రౌండ్ తిప్పి, పైనుంచి వాళ్ల జాగా వాళ్లకు చూపిస్తారు. కింద నుంచి చూస్తే అది రాళ్లగుట్ట. పైనుంచి చూసినోడు మాత్రం దిగంగనే అడ్వాన్స్ ఇస్తాడు.

ఇక ఆదివారం వస్తే బాలరాజ్ షెడ్డు బందు. ఇంజన్‌కు ఏమీ కాకున్నా చూసివస్తానని బయలుదేరేవాడు.

"ఏమైందండీ ఇంజన్‌కి?" అని అడిగేది శ్రీకళ.

"ఏం గాలే. ఏమన్న అయితదేమోనని పరేషాన్ అయితున్న."

"ఇంజన్ గురించేనా?"

"ఇంజన్ గురించి కూడా."

ఒక ఆదివారం వాన దంచింది. జనమంతా వ్యాన్లలో దూరారు. షామియానా కింద వీళ్లిద్దరే మిగిలారు. తెల్ల యూనిఫాం, భుజాల మీద బంగారు గీతలు, చెంప మీద వాన చుక్క. ఆ చుక్క ఎప్పుడు జారుతుందా అని చూస్తూ బాలరాజ్ మాట కలిపాడు.

"కెప్టెన్ మేడమ్, మీ లైసెన్స్ జర చూపిస్తరా? నా డ్రైవింగ్ లైసెన్స్‌ల నా ఫోటో పక్కా దొంగోని లెక్కుంటది. మీదెట్లుందో చూద్దామని."

ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించి, "నాకు లేదండీ," అంది.

"ఇంటికాడ మర్చినరా?"

"అసలే లేదు."

హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఇలాంటి బండ్లు తిప్పే కంపెనీలో టికెట్లు చింపే ఉద్యోగం చేసింది. అక్కడే ట్రైనింగ్‌లో చేరింది. సగంలో ఉండగా ఆ కంపెనీ మూతపడింది. అది తెలిసే సీతారాములు యూనిఫాం కుట్టించి, కెప్టెన్ శ్రీకళ అని ఫ్లెక్సీ కట్టించాడు. శ్రీకళ వాళ్లమ్మ కౌసల్యమ్మ ఆ యూనిఫాం ఫోటో గోడకు తగిలించింది. కాలనీ అంతా కెప్టెన్‌గారని పిలవడం మొదలుపెట్టింది.

"ఇంక దిగడం ఎలాగో తెలియలేదండీ," అంది. వాన ఇంకా కురుస్తూనే ఉంది. బాలరాజ్‌కు ఆ చుక్క ఏమైందో కూడా గుర్తులేదు.

ఆ సంగతి అక్కడే ఆగితే వేరు. వచ్చే ఆదివారం నుంచి ప్లాటు బుక్ చేసినోళ్ల పిల్లలకు ఫ్రీ రౌండ్ అని సీతారాములు కొత్త బోర్డు పెట్టాడు. అది చూసిన కాడి నుంచి బాలరాజ్‌కు అన్నం దిగలేదు. పోలీసులకు చెప్తే పిల్ల దక్కదు. చెప్పకుంటే, ఎవరి పిల్లలో ఆ వెనక సీట్లో కూర్చుంటారు.

చివరికి మనసు రాయి చేసుకొని ఎల్బీనగర్ పోలీస్ స్టేషన్‌కు పోయాడు. అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. గేటు ముందర పోరగాళ్లను వ్యానులోకి ఎక్కిస్తున్నారు. బాలరాజ్ "సార్, ఒక ముచ్చట చెప్పాలె" అనే లోపల కానిస్టేబుల్ రెక్క పట్టి, "అందరు గదే అంటరు, ఎక్కు" అని లోపలికి తోశాడు. సాయంత్రం దాకా ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. బాలరాజ్ కూడా అందరితో కలిసి జై తెలంగాణ అన్నాడు, పులిహోర తిన్నాడు, కంప్లైంట్ ఇయ్యకుండానే ఇంటికొచ్చాడు. నిజం చెప్పాలంటే, వ్యాను ఎక్కించిన కానిస్టేబుల్‌కు మనసులో దండం పెట్టుకున్నాడు.

మర్నాడు స్కూటీ సర్రున వచ్చింది.

"స్టేషన్‌కి వెళ్లారంట? మీ వీధిలో అంతా చెప్పుకుంటున్నారు."

"పోయిన."

"నా మీద చెప్పడానికేనా?"

"ఆ."

ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్పారా?"

"చెప్పలే. చెప్పనియ్యలే."

"నేనెవర్నీ పడెయ్యలేదు బాలరాజుగారూ. ఒక్కర్ని కూడా."

"పడేస్తవని నేనన్ననా? మొన్నటిదాకా పెద్దోళ్లు. ఇప్పుడు పిల్లలు. నువ్వే చెప్పు, మీ ఇంటి పిల్లలైతే ఎక్కిస్తవా?"

మీరు కాస్తా నువ్వు అయిందని ఇద్దరూ గమనించలేదు.

"చూడు," అన్నాడు. "మా మెకానిక్ పనిల ఒక లెక్కుంటది. బండి జేసినంక మెకానిక్ తనే ఒక రౌండ్ కొట్టంది గిరాకి చేతికియ్యడు. ఎల్లుండి బంద్. సైట్‌కాడికి ఎవ్వరు రారు. నన్ను ఎక్కియ్యి. దిగినంక చెప్త, పోలీసులకు చెప్పాల్నా వద్దా."

"మీకు భయం కదా! మేడ మీద ట్యాంకు దగ్గరికే వెళ్లనన్నారు."

"భయమే. గందుకే నా మాట నమ్మొచ్చు."

బంద్ రోజు మబ్బు పట్టి ఉంది. బాలరాజ్ వెనక సీట్లో కూర్చొని, బెల్టు బిగించి, తెలిసిన అమ్మవార్ల పేర్లన్నీ అనుకున్నాడు. బండి గెంతి, ఇంకోసారి గెంతి, నేలను వదిలింది. కాసేపటికి కండ్లు తెరిచాడు. కింద మీర్‌పేట్ చెరువు పళ్లెంలో నీళ్ల లెక్క మెరుస్తోంది. ముందర ఆమె జడ గాలికి ఎగిరి అతని ముఖానికి తగులుతోంది. ఇప్పుడు సచ్చినా సరే అనుకున్నాడు ఒక్క నిమిషం.

మబ్బులు ముసరంగనే గొడుగు ఒక పక్కకు గుంజింది. బండి వెంచర్ వైపు తిరగలేదు. గాలి ఎటు కొడితే అటే పోతోంది.

"ఏమైంది?" అని అరిచాడు.

"గాలి ఇటు తిరుగుతుందనుకోలేదు!"

"గిసొంటప్పుడు ఏం జెయ్యాల్నో నేర్పలేదా?"

"అది రెండో సగంలో ఉందండీ!"

కింద సాగర్ రోడ్డు ఖాళీగా కనపడింది. మామూలు రోజైతే లారీలు, బస్సులు. బంద్ పుణ్యాన ఒక్క బండి లేదు. ఆమె పండ్లు బిగబట్టి రోడ్డు మీదికే దించింది. చక్రాలు కీచుమని, గొడుగు వాలిపోయి, బండి పోయి పోయి ఆగింది వంటావార్పు పొయ్యిల ముందర. సమ్మెకు బువ్వ వండుకుంటున్న జనం గంటెలు ఎత్తి అట్లాగే నిలబడిపోయారు.

ఎవరో "జై తెలంగాణ!" అన్నారు. ఇంకేముంది, రోడ్డంతా దద్దరిల్లింది. ప్రచారం కోసం ఆకాశం నుంచి దిగారనుకొని ఇద్దరి మెడల్లో కండువాలు వేశారు. వెంకాయమ్మ అనే పెద్దామె శ్రీకళ చేతులు పట్టుకుంది.

"ఏం బిడ్డా, పొద్దుగాల ఏమన్న తిన్నవా? ముందుగాల బువ్వ తిను." విస్తరాకులో అన్నం పెట్టి, పప్పు పోసి ఇద్దరికీ ఇచ్చింది.

ఎస్సై వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆ రోజు ఆయనకు వేరే తలనొప్పులు చాలా ఉన్నాయి. "మంచి ఐడియానే పట్టిండ్రు. సరే, తినేసి జల్ది బండి పక్కకు తీయండి," అని తిరిగిపోబోయాడు.

అంతే. అయిపోయింది. ఎవరూ అడగలేదు, ఇక అడగరు కూడా. బాలరాజ్ శ్రీకళ వైపు చూశాడు. ఆమె విస్తరాకు వైపే చూస్తోంది, ఒక్క ముద్ద కూడా కలపలేదు. ఆదివారానికి బోర్డు అట్లనే ఉంది.

"సార్," అన్నాడు. "ఈమెకు లైసెన్స్ లేదు. నడిపిచ్చేది సీతారాములు. వచ్చే ఆదివారం పిల్లల్ని ఎక్కిస్తరు. జర ఆపుండ్రి సార్."

వెంకాయమ్మ గంటె ఎత్తింది. "ఓరి నీ! నీతోని వచ్చిన పిల్ల మీదనే చెప్తవా? సిగ్గు లేదా నీకు?"

"తిట్టకండి పిన్నిగారూ," అంది శ్రీకళ. లేచి నిలబడి, భుజాల మీది బంగారు గీతలు ఒకటొకటిగా పీకింది. "నిజమే సార్. లైసెన్స్ లేదు."

మళ్లీ కూర్చుంది. ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. తింటూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"ఆదివారం వస్తుందంటే శుక్రవారం నుంచే నాకు అన్నం సహించేది కాదండీ. పిన్నిగారూ, ఇంకొంచెం పప్పు వేస్తారా?"

బాలరాజ్ తల వంచుకొని కూర్చున్నాడు.

"ఏవండీ పట్టించినాయనా," అంది. "స్టేషన్‌కి తోడొస్తారా, రారా?"

"వస్త."

"ఎందుకు? ఇంకా ఏమైనా చెప్పాలా?"

"ఒకటుంది. గది ఎస్సైకి చెప్పేది కాదు."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "అది రెండు సగాలూ నేర్చుకున్నాక చెప్పండి," అంది. వెంకాయమ్మ గంటె దించి, బాలరాజ్ విస్తరాకులో కూడా ఇంత పప్పు వేసింది.

గాలిబండి జప్తు అయింది. శ్రీకళకు జరిమానా పడింది, ఇంకోసారి చేస్తే జైలేనని హెచ్చరిక ఇచ్చారు. ఆ రాత్రి ఎన్నాళ్లకో కంటి నిండా నిద్రపోయింది. కౌసల్యమ్మ గోడ మీది ఫోటో తీసి, బాలరాజ్‌ను ఇంటికి పిలిపించింది.

"నా కూతుర్ని పోలీసులకి పట్టించింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

ఆమె అతన్ని కిందికీ మీదికీ చూసింది. "భయపడకుండా దానికి నిజం చెప్పేవాడు ఒకడుండాలి. కూర్చో. కాఫీ తాగుతావా?"

రెండేండ్లు బెంగుళూరులో సరైన స్కూల్లో నేర్చుకొని, అసలైన లైసెన్స్ తీసుకొని శ్రీకళ తిరిగొచ్చింది. కాచిగూడ స్టేషన్‌లో రైలు దిగంగనే లైసెన్స్ తీసి అతని ముఖం ముందర పెట్టింది. "చూడండి, నా ఫోటో కూడా దొంగలాగే పడింది." బాలరాజ్ చెప్పాల్సిన ముచ్చట ప్లాట్‌ఫారం మీదనే చెప్పాడు. ఆమె "ఇంత లేటా?" అంది.

ఇక సీతారాములు. "ఆమెను తెచ్చింది ఆ బాలరాజ్‌గాడే, నాకేం తెల్వదు" అని స్టేషన్‌లో రాసిచ్చి తప్పించుకొని, నెల తిరగకముందే ఇంకో వెంచర్‌కు ఇంకో ఫ్లెక్సీ కట్టాడు. ప్లాటు సంగతి అడిగితే, "ఏ ప్లాటు తమ్మీ?" అన్నాడు. బాలరాజ్ ఏడాది చాకిరీ ఆ రాసియ్యని ప్లాటుతోనే పోయింది: బడంగ్‌పేట్ అవతల, తూర్పు ముఖం, నూట అరవై ఏడు గజాలు.