చుక్క పడితే కొత్తది

పిచ్చుక అతన్ని మొదటిసారి చూసినప్పుడు, చూసింది అతని బూట్లను మాత్రమే. అద్దంలా మెరిసే నల్ల బూట్లు. వంటింటి గచ్చు మీద టకటకలాడుతూ వచ్చి ఆమె మోచేతి పక్కన ఆగాయి. అప్పటికి ఆమె వెల్లకిలా పడుకుని, తల బాయిలర్ కిందికి దూర్చి, టార్చి నోట్లో పెట్టుకుని ఉంది.

"అమ్మా! మన వంటింట్లో ఎవరివో కాళ్ళున్నాయి!"

"కాళ్ళతోపాటు మనిషి కూడా ఉందిలేరా. బాయిలర్ బాగుచేయడానికొచ్చింది."

"బాగుచేయడమేంటి? కొత్తది పెట్టించుకుందామనుకున్నాం కదా!"

"నువ్వనుకున్నావు. నేను విన్నాను. అంతే."

పిచ్చుక నోట్లోంచి టార్చి తీసింది. "సార్, ఆ బూట్లు కాస్త పక్కకి జరుపుతారా? వెలుతురుకి అడ్డం."

బూట్లు జరిగాయి. వాటి స్థానంలో తలకిందులుగా ఒక మొహం వంగి చూసింది. కోపంగా ఉందో లేదో తెలియలేదు. తలకిందులుగా చూస్తే కోపం కూడా నవ్వులాగే కనిపిస్తుంది.

"చూడండి మేడమ్, నేను బాయిలర్లమ్మే షోరూములో పనిచేస్తాను. మా ఇంట్లో బాయిలరే కారుతోందంటే నలుగురూ నవ్విపోతారు."

"జలుబు చేసిందని ముక్కు మార్చుకుంటామా సార్?"

వాళ్ళమ్మ ఫక్కున నవ్వింది. "బాగా అడిగావమ్మాయ్! ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టే రకం వీడు."

పిచ్చుక బయటికి జరిగి లేచి కూర్చుంది. ముక్కు మీద మసి. చేతిలో అరిగిపోయిన వాషర్. "దోషి ఇదిగో. మిగతాదంతా శుభ్రంగా ఉంది. ఇంకా చాలా ఏళ్ళు మీ ఇంటిని వెచ్చగా ఉంచుతుంది."

"మళ్ళీ కారితే?"

"కారదు."

"శనివారం దాకా చూద్దాం. ఒక్క చుక్క పడినా కొత్తది వస్తుంది. పడకపోతే మళ్ళీ ఆ మాటెత్తను."

"పడితే మీ కొత్త బాయిలర్‌ని నేనే బిగించి వెళ్తాను," అంది పిచ్చుక.

అతనికి అది పందెం, ఆమెకి బతుకు. నాన్న రిపేరు షాపు ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆయన్ని అందరూ మేస్త్రిగారనే పిలుస్తారు. మోకాళ్ళు మొరాయించడం మొదలయ్యాక ఆయన ఏ బాయిలర్ కిందికీ దూరలేకపోతున్నాడు. పక్కనే ఉన్న ఫర్నిచర్ షాపతను, మీ షాపు కూడా నాకిచ్చేయండంటూ రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. పనంతా పిచ్చుకకి వచ్చు. కానీ తలుపు తీసిన ప్రతివాళ్ళూ ఆమె వెనక్కి తొంగి చూసి, "మీ నాన్నగారు రాలేదా?" అంటారు. ఆ ప్రశ్న విని విని నాన్నకి కూడా ధైర్యం పోయింది.

"ఈ ఒక్క పని నువ్వొక్కదానివే చేసుకురా," అన్నాడాయన ఆ పొద్దున. "మాట రాకుండా చేశావా, షాపు నీది. లేదా ఇచ్చేద్దాం తల్లీ. నిన్ను ఇంటింటికీ తిప్పి మాటలు పడనివ్వలేను."

ఆ రోజు ఆ ఇంటావిడ మాత్రం ఆమె వెనక్కి తొంగి చూడలేదు. అందుకే పిచ్చుకకి ఆవిడ తలుపు దగ్గరే నచ్చేసింది. కొడుకు సంగతి ఇంకా తేలలేదు.

* * *

రెండు రోజులు పోయాక, షోరూమ్ అబ్బాయి షాపు ముందు ప్రత్యక్షమయ్యాడు. చూరు కింద నిలబడి ఆకాశంకేసి చూస్తున్నాడు.

"ఏంటి సార్, ఇటొచ్చారు?"

"వానొస్తోందని ఆగాను."

"వాన రాకముందే ఆగినట్టున్నారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. అతని అదృష్టం కొద్దీ అప్పుడే నాలుగు చినుకులు పడ్డాయి. "చూశారా!" అన్నాడు, ఆ వానని తనే తెప్పించినంత గర్వంగా.

లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. డబ్బాల్లో వాషర్లు, గోడకి పానాలు, మూల నుంచి నూనె వాసన. వాషర్ ఒకటి తీసి వేలికి ఉంగరంలా తొడిగి చూసుకున్నాడు.

"అది పోయిన బాయిలర్‌ది," అంది పిచ్చుక.

"మా షోరూములో ఏదీ ఇలా విప్పి చూడనివ్వరు. డబ్బా రావాలి, డబ్బా పోవాలి." కాస్త ఆగాడు. "నిజం చెప్పనా? ఆ రోజు మీరంత నమ్మకంగా కారదన్నారే, షోరూముకెళ్ళాక కూడా అదే వినబడింది. మా దగ్గర అంత నమ్మకంగా ఎవరూ మాట్లాడరు. గ్యారంటీ కాగితం చూపిస్తారు."

"అంటే ఓడిపోతున్నానని ఒప్పుకుంటున్నారా?"

"శనివారం రానివ్వండి. ఇప్పుడే ఎలా ఒప్పుకుంటాను?"

వాన ఎప్పుడో వెలిసిపోయింది. అతను మాత్రం ఇంకా వానకోసమే ఆగినట్టు కూర్చున్నాడు. ఎదురుగా పని ఉన్నా, వాన వెలిసిన సంగతి పిచ్చుక గుర్తుచేయలేదు.

* * *

శనివారం పొద్దున్నే ఫోను మోగింది. "తల్లీ, చుక్క పడుతోందే," అంది ఆ ఇంటావిడ, తప్పు తనదే అయినట్టు.

పిచ్చుక పనిముట్ల సంచి తీసుకుని స్కూటర్ బయటికి తీసింది. మేస్త్రి చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కుంటుతూ వచ్చి స్కూటర్ వెనక కూర్చున్నాడు.

ఇంటి ముందు వ్యాన్ ఆగి ఉంది. అందులో అట్టపెట్టెలో కొత్త బాయిలర్. షోరూమ్ మనుషులిద్దరు దాని మీద చేతులేసి నిలబడ్డారు. షోరూమ్ అబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. గెలిచినవాడి మొహంలా లేదు, పరీక్ష తప్పినవాడి మొహంలా ఉంది.

"పాతది పీకేద్దామా సార్?" అన్నాడు వ్యాన్ మనిషి.

"ముందు నన్ను చూడనివ్వండి," అంది పిచ్చుక.

బాయిలర్‌నంతా పొడిగుడ్డతో తుడిచింది. ఒక్కొక్క జాయింటు కింద ఒక్కొక్క పొడి కాగితం ముక్క పరిచింది. "ఏది తడిస్తే అది దొంగ," అని చెప్పి గొంతుక్కూర్చుంది. ఆమె పక్కన షోరూమ్ అబ్బాయి కూర్చున్నాడు. మోకాళ్ళు తిట్టుకుంటూ మేస్త్రి కూర్చున్నాడు. వాళ్ళమ్మ వంగింది. వ్యాన్ మనుషులిద్దరూ వచ్చి తలలు దూర్చారు. గుడ్డులోంచి పిల్ల ఎప్పుడొస్తుందా అన్నట్టు అందరూ ఊపిరి బిగబట్టి చూశారు.

పిచ్చుక కొత్తగా వేసిన వాషర్ కింది కాగితం కరకరలాడుతూ పొడిగానే ఉంది. చివర చిన్న గొట్టం కిందిది తడిసింది.

పిచ్చుక చటుక్కున నీటి ఒత్తిడి చూపే గేజి చూసింది. ముల్లు ఎర్రగీత దాటి ఉంది. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇది లీకు కాదు! లోపల నీళ్ళు ఎక్కువైతే బయటికి వదిలేసే గొట్టమిది. దీని పని ఇది చేస్తోంది. బాయిలర్‌లోకి ఎవరో కొళాయి తిప్పి నీళ్ళు నింపుతున్నారు. ఎవరు?"

వాళ్ళమ్మ తల అడ్డంగా ఊపింది. షోరూమ్ అబ్బాయి మొహంలో రంగు దిగిపోయింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అట్టపెట్టె లోపలికొస్తుంది. షోరూములో పరువు నిలుస్తుంది. అతను వ్యాన్ మనుషుల కేసి చూశాడు, మేస్త్రి కేసి చూశాడు. లేచి నిలబడ్డాడు.

"నేనే," అన్నాడు. "కారినన్నాళ్ళూ నీళ్ళు తగ్గిపోతుండేవి. రోజూ పొద్దున్నే నిద్రకళ్ళతో వచ్చి కొళాయి తిప్పేవాణ్ణి. లీకు పోయింది, నా అలవాటు పోలేదు. తిప్పుతున్నానన్న ధ్యాస కూడా లేదు. మేస్త్రిగారూ, మీ అమ్మాయి పనిలో ఏ లోపమూ లేదు. ఈ చుక్క నాది."

వ్యాన్ మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సార్, బాయిలర్లమ్మేది మీరే కదా? షోరూములో చెప్పొచ్చా?"

"మైకు పెట్టి చెప్పండి."

"బాగుచేశాక ఇంట్లో అందరినీ అడిగి వెళ్ళాల్సింది," అంది పిచ్చుక మెల్లగా. "అది నా పొరపాటు."

"అలాంటివి చేస్తూ చేస్తూ తెలుస్తాయి," అన్నాడు మేస్త్రి.

పిచ్చుక ఎక్కువ నీళ్ళు తీసేసింది. ముల్లు దిగింది. గొట్టం చివర ఒక చుక్క ఊగింది, ఊగింది, ఆగిపోయింది. వాళ్ళమ్మ చప్పట్లు కొట్టింది. మేస్త్రి జేబులోంచి ఫోను తీసి, అందరికీ వినబడేట్టు ఫర్నిచర్ షాపతనితో అన్నాడు: "షాపు ఇవ్వడం లేదయ్యా. మా అమ్మాయి నడుపుతుంది. కూర్చోడానికి రావచ్చులే, బేరానికి మాత్రం రావద్దు."

పిచ్చుక ఏడవలేదు. కళ్ళు తుడుచుకున్న మాట నిజం, అది మసి అని చెప్పుకుంది.

"అన్నయ్యగారూ, మీరలా కుర్చీలో కూర్చోండి," అంది వాళ్ళమ్మ. "పిల్లల సంగతి మాట్లాడాలి."

"నేనొచ్చింది బాయిలర్ కోసం కదమ్మా!"

"అదైపోయిందిగా! రెండు రోజులుగా మావాడు భోజనం దగ్గర మీ అమ్మాయి మాటలే చెబుతున్నాడు. అన్నం చల్లారిపోతోంది."

"అమ్మా!" అన్నాడు షోరూమ్ అబ్బాయి.

మేస్త్రి అతన్ని తలనుంచి కాలిదాకా చూశాడు. తన వాళ్ళ ముందే తన తప్పు ఒప్పుకున్నవాణ్ణి చూసే చూపు అది. నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. "అమ్మాయి ఇష్టమే నా ఇష్టం చెల్లెమ్మా," అన్నాడు.

ఆ 'చెల్లెమ్మా' విని పిచ్చుక గుండె గంతేసింది. సంచి సర్దుకుని గబగబా బయటికి నడిచింది. సన్నగా వాన. వెనకే బూట్ల చప్పుడు.

"ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతున్నారేంటి?"

"నేను షాపు మూయను."

"మూస్తే నేనెక్కడ కూర్చోవాలి?"

నవ్వాపుకుంటూ ఆమె స్కూటర్ స్టార్ట్ చేసింది. "ఇంకో ఇంట్లో పని ఉంది. నాన్నని వ్యాన్ వాళ్ళు దింపుతారులెండి."

"నేనూ వస్తాను. టార్చి పట్టుకుంటాను."

"మీ ఉద్యోగం?"

"ఇవాళ సెలవు. కొత్త బాయిలర్ బిగించుకోవాలని పెట్టాను."

పిచ్చుక పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి వ్యాన్ మనుషులు కూడా తిరిగి చూశారు. సీటు మీది తడిని అరచేత్తో ఒక్క తుడుపు తుడిచింది.

"ఎక్కు," అంది.

కిటికీలోంచి వాళ్ళమ్మ గొడుగు ఊపుతూ కేకేస్తూనే ఉంది. స్కూటర్ అప్పటికే మలుపు తిరిగిపోయింది.