పదకొండో నిమిషం తర్వాత

చెవి పరీక్షల క్లినిక్‌లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా పేషెంట్లను చూడరు. డాక్టరమ్మ భోజనానికి ఇంటికెళ్తుంది. వీధి తలుపుకి లోపల గడియ పెట్టి, ఆ గంటన్నరా ఆమె తండ్రి కాపలా ఉంటాడు. కాపలా అనేది పేరుకే. ఆయన అసలు పని వెనక గదిలోని బల్ల మీద పాత టేప్‌రికార్డర్లు విప్పుకుని కూర్చోవడం. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సౌండ్ రికార్డిస్టుగా చేశాడు. రిటైరయ్యాక కూడా చెవులు ఊరుకోలేదని కూతురు విసుక్కుంటుంది.

ఆ గురువారం ఒంటిగంటా పదికి ఆయన ఎదురుగా కూర్చున్న ఆమెకి నలభై అయిదేళ్లుంటాయి. ఆమె తమ్ముడు ఈ పెద్దాయన్ని గురువుగారూ అని పిలిచేవాడు. ఆ పిలుపే ఆమెకీ అలవాటైంది. బల్ల మీద బ్యాగు పెట్టి, రుమాల్లో చుట్టిన మినీడిస్క్ రికార్డర్‌ని బయటికి తీసింది. అరచేతిలో ఇమిడే వెండిరంగు పెట్టె. లోపల, బిస్కెట్టంత ప్లాస్టిక్ తొడుగులో ఒక డిస్క్. ఆరునెలలుగా ఆ మూత ఎవరూ తీయలేదు.

తమ్ముడు లిఫ్ట్ మెకానిక్. మినీడిస్కులంటే పడి చచ్చేవాడు. జనమంతా ఫోన్లలో పాటలు వింటున్న రోజుల్లో కూడా వాడి దగ్గర నాలుగు పెట్టెలుండేవి. రెండు వినడానికి, రెండు రికార్డు చెయ్యడానికి. నెలకోసారి లిఫ్టు మోటారు దగ్గర మైకు పెట్టి నిమిషంపాటు రికార్డు చేసేవాడు. పోయిన నెల డిస్కుతో పోల్చి చూసి, ఫలానా భవనంలో బేరింగ్ పోబోతోందని ముందే చెప్పేవాడు. వాడి భార్య ఆ పెట్టెను సవతి అనేది. అక్క గొంతు బావుంటుందని పట్టుబట్టి, తలుపులు మూసుకుంటున్నాయి, మూడో అంతస్తు, నాలుగో అంతస్తు అంటూ ఆమె చేత చెప్పించి, ఆ మాటల్ని ముప్పై లిఫ్టుల్లో పెట్టించాడు. ఇంట్లో మీ అక్క మాట వినేవాడు లేడు గానీ ఊళ్లో లిఫ్టులన్నీ వింటున్నాయిరా అని బావ ఏడిపించేవాడు. అలా తన గొంతు బయటినుంచి ఎలా వినిపిస్తుందో ఆమెకి బాగా తెలుసు.

వాడు ఆస్పత్రిలో ఉన్న చివరి రోజున జరిగిందిది. వార్డులోకి పిల్లల్ని రానివ్వరు. తొమ్మిదేళ్ల కూతురికి చెప్పాల్సినవి ఉన్నాయి, రికార్డు చెయ్యక్కా అన్నాడు. ఆమె కొత్త డిస్కు పెట్టి, మైకు వాడి చొక్కా కాలరుకి తగిలించి, బటన్ నొక్కింది. పదకొండు నిమిషాలు మాట్లాడాడు. బ్యాటరీ అయిపోవచ్చిందని గుర్తు వెలిగింది. ఇంకా చెప్పాల్సినవి మిగిలాయి, కొత్తది తెచ్చిపెట్టు అన్నాడు. చూయింగ్ గమ్ ముక్కలా పల్చగా ఉండే ఆ బ్యాటరీని దుకాణంలో చూపిస్తే తప్ప ఇవ్వరు. ఆమె ఆపే బటన్ నొక్కి, వెంటనే బ్యాటరీ లాగేసి, గుప్పిట్లో పట్టుకుని, పెట్టెను మంచం పక్కనే వదిలేసి పరుగెత్తింది.

రెండు తప్పులు. రికార్డింగ్ ఆపాక, ఏ మాట ఎక్కడుందో ఆ పెట్టె డిస్కు మీద ఒక పట్టిక రాసుకుంటుంది. దానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాలు ఆమె ఆగలేదు. పట్టిక లేని డిస్కు ఖాళీ డిస్కు కిందే లెక్క.

రెండోది, పది నిమిషాల్లో వస్తానంది. మూడు దుకాణాలు తిరిగి వచ్చేసరికి నలభై నిమిషాలైంది. మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. వాడు పోయేటప్పుడు పక్కన ఎవరున్నారని నర్సునడిగితే, ఎవరూ లేరనే చెప్పింది.

మేనకోడలు అడిగిన ప్రతిసారీ మెషీన్ రిపేరుకిచ్చామని ఆమె మాట దాటేస్తూ వచ్చింది.

"మాట ఎక్కడికీ పోదమ్మాయ్," అన్నాడు గురువుగారు. "పోయింది పట్టికే. వేరే డిస్కు పట్టిక తెచ్చి దీనికి అతికిద్దాం."

ఎలాగో కూడా చెప్పాడు. డెబ్భై నాలుగు నిమిషాలూ నిశ్శబ్దమే రికార్డు చేసిన డిస్కు ఒకటి ఆయన దగ్గరుంది. కొత్త బ్యాటరీ వేసి దాన్ని పెడితే పెట్టె ఆ పట్టికను చదివి గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడు మూత తీసినట్టు దానికి తెలియకుండా డిస్కు మార్చేయాలి. మూత దగ్గర చిన్న మీట ఉంటుంది, దాన్ని పళ్లపుల్లతో నొక్కి ఉంచితే చాలు. పెట్టె మోసపోతుంది. వాడి డిస్కు మీద ఆ పట్టిక రాసేస్తుంది. పదకొండు నిమిషాలూ వాడి మాటలొస్తాయి, అప్పుడు వాడింది కొత్త డిస్కే కాబట్టి ఆ తర్వాత ఏమీ ఉండదు, పెట్టె దానంతటదే ఆగిపోతుంది అన్నాడు.

పళ్లపుల్ల రెండుసార్లు విరిగింది. మూడోసారి తెర మీద అక్షరాలు కదిలాయి. ఒక ట్రాక్. డెబ్భై నాలుగు నిమిషాలు.

ముందు కాపీ తీసుకుందామని ఆయనన్నాడు. ఒక్కసారి విననివ్వండి గురువుగారూ, తర్వాత మీ ఇష్టం అందామె.

వినడానికి అంతకంటే మంచి చోటు లేదు. పరీక్ష గది మధ్యలో బయటి చప్పుడు రాని ఇంకో చిన్న గది ఉంటుంది. జానెడు మందం తలుపు, దాని అంచు చుట్టూ రబ్బరు, రెండు పొరల అద్దంతో ఒక కిటికీ, కింద ఎత్తైన గడప. గురువుగారు తలుపు వేసేసరికి రబ్బరు నిట్టూర్చినట్టు శబ్దమైంది. ఆ తర్వాత ఏమీ లేదు. వీధి లేదు, ఫ్యాను లేదు. గోడలకి పట్టించిన నురుగు నుంచి పాత గుడ్డల వాసన. తను గుటక వేస్తే ఆ చప్పుడు తనకే పెద్దగా వినిపించింది. అద్దంలోంచి చూస్తే గురువుగారు క్యారియర్ విప్పుకుంటున్నాడు. మూత కిందపడింది. చప్పుడు లేదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బటన్ నొక్కింది.

తమ్ముడు దగ్గాడు. మొదలైందా అక్కా అన్నాడు. మొదలైంది, మాట్లాడు అని తన గొంతు.

పదకొండు నిమిషాలూ వాడే. అమ్మ అరిస్తే అది కోపం కాదు, అలసట అని కూతురికి చెప్పాడు. లెక్కలు రాకపోతే సిగ్గుపడొద్దన్నాడు. తనకీ వచ్చేవి కాదట, స్పానర్ల నంబర్లతో నేర్చుకున్నాడట. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చివర్లో బ్యాటరీ మాట. తన చెప్పుల చప్పుడు. టక్.

పెట్టె తెర మీద అంకెలు ఆగలేదు.

పదకొండూ ముప్పై. పన్నెండు. కొత్త డిస్కు కదా, ఏమీ ఉండకూడదు. కానీ ఉంది. కాలరుకి మైకు ఒరుసుకుంటున్న చప్పుడు. దూరంగా ట్రాలీ చక్రాలు. తమ్ముడి ఊపిరి... లోపలికి, బయటికి.

ఆ వేళకి బ్యాటరీ తన గుప్పిట్లో ఉంది. వీధిలో ఉంది. పెట్టెలో లేదు.

పదహారో నిమిషంలో వార్డు తలుపు కిర్రుమంది. కుర్చీ జరిగింది.

"వచ్చానురా."

అది ఆమె గొంతు. లిఫ్టుల్లో వినిపించే గొంతు, ఇప్పుడే ఈ డిస్కు మొదట్లో విన్న గొంతు.

"దొరికిందా అక్కా?"

"దొరికింది."

"పెట్టు మరి."

"పెట్టాను. చెప్పు."

బ్యాటరీ మూతకి చిన్న స్ప్రింగుంటుంది, వేస్తే చీమ కుట్టినంత చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినిపించలేదు.

వాడు మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. సైకిలు బ్రేకు బిగుసుకుంటే ఏం చెయ్యాలో. అటక మీది నీలం పెట్టె ఎప్పుడు తెరవాలో. వాడు మధ్యలో ఆగినప్పుడల్లా ఆ గొంతు ఊఁ అంటోంది. ఆమె మనసులో ముందు కలిగింది భయం కాదు. ఎవరో ఒకరు ఉన్నారు. వాడు ఒంటరిగా పోలేదు. ఆరునెలలుగా గుండె మీదున్న బండరాయి కదిలినట్టైంది. ఆమె కళ్లు మూసుకుని ఇంకాస్త శబ్దం పెంచింది.

అప్పుడు ఆ గొంతు అడగడం మొదలుపెట్టింది.

పాప బడి నుంచి ఎన్నింటికి వస్తుంది అంది. వాళ్లమ్మ డ్యూటీ దిగేదెప్పుడు అంది. వాడు బలహీనంగా నవ్వి, నీకు తెలియనిదా అక్కా అన్నాడు.

"నువ్వు చెప్పు."

పన్నెండున్నరకి వస్తుంది, వాళ్లమ్మ నాలుగింటికి అన్నాడు.

"ఒక్కత్తే ఉన్నప్పుడు తలుపు ఎవరికి తీస్తుంది?"

"నీకే. ఇంకెవరికీ తీయొద్దన్నాను."

మళ్లీ కాలరు చప్పుడు. ఊపిరి వేగం పెరిగింది.

"అక్కా... నీ చెయ్యేంటి ఇంత..."

ట్రాలీ చక్రాల చప్పుడు ఆగిపోయింది. ఊపిరి ఒక్కటే ఉంది.

"నువ్వు... మా అక్కవేనా?"

తర్వాత అదే గొంతు, తొందర లేకుండా, మైకుకి బాగా దగ్గరగా.

"మీ అక్క బ్యాటరీ కోసం వెళ్లింది. నువ్వు చెప్పు."

ఆమె హెడ్‌ఫోన్స్ లాగి పడేసింది. తలుపు తీసుకుని బయటపడింది. గడప తగిలి తూలింది. గురువుగారు పరీక్ష గదిలో లేడు. వెనక గదిలో కుళాయి నీళ్ల చప్పుడు, ఆయన క్యారియర్ కడుక్కుంటున్నాడు. పెట్టె లోపలే తిరుగుతోంది. పక్కనున్న బల్ల మీద తన ఫోనుంది. టైము ఒంటిగంటా యాభై అయిదు. మేనకోడలు ఇంట్లో ఒక్కత్తే ఉండే వేళ.

నాలుగు రింగులు. అయిదు.

"హలో?"

"పాపా, నేనమ్మా."

"మళ్లీ ఏంటత్తా?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది. తలుపు గడియ పెట్టుకున్నావా అని అడిగింది. నువ్వు వెళ్లగానే పెట్టేశానంది పిల్ల.

"నేనెప్పుడొచ్చానే?"

పిల్ల కిసుక్కున నవ్వింది. "అదేంటి, ఆదివారం అత్తలా అడుగుతున్నావ్?"

"ఆదివారం అత్తేంటి తల్లీ?"

"నువ్వే చెప్పావుగా. ఆదివారం వచ్చినప్పుడు నీకు ఇవేమీ గుర్తుండవని. అడగొద్దని."

మెల్లగా, ఒక్కొక్కటే అడిగి రాబట్టింది. మధ్యాహ్నాలు అత్త వస్తుందట. ఎక్కువసేపు ఉండదట, కూర్చోదట. నాన్న చెప్పినవి రోజుకొకటి చెప్తుందట. సైకిలు సంగతి, నీలం పెట్టె సంగతి. నీళ్లిస్తే తాగదట. పిల్ల గొంతులో భయం లేదు. ఇష్టమే ఉంది.

"ఆఖరిది ఇవాళ చెప్పేశావుగా అత్తా."

"ఏం చెప్పాను?"

పిల్ల ఊపిరి వినిపిస్తోంది... లోపలికి, బయటికి.

"అది నీకు చెప్పకూడదట."

ఆమె ఇంకొక్కటి అడిగింది. "ఇప్పుడు... ఎక్కడికి వెళ్తున్నానని చెప్పాను?"

"డిస్కు ఒకటి ఉండిపోయింది, తెచ్చుకోవాలన్నావు."

తలుపు ఎవరికీ తీయకు, నాకు కూడా తీయకు, అమ్మ వచ్చేదాకా కదలకు అని ఆమె చెప్తూనే ఉంది. అంతలో వెనక నుంచి గురువుగారి గొంతు వినిపించింది. మామూలుగా, ఆప్యాయంగా.

"మళ్లీ వింటావా? సరే. నెమ్మదమ్మాయ్, గడప ఉంది."

ఆమె ఫోను పట్టుకునే వెనక్కి తిరిగింది.

ఆయన తడిచేతుల్ని పంచెకి తుడుచుకుంటూ, భుజంతో ఆ మందపాటి తలుపుని తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికో దారిస్తున్నట్టు పక్కకి ఒదిగి ఉన్నాడు. ఆయన చూపు తన ముందునుంచి దాటుతున్న దేన్నో అనుసరిస్తూ మెల్లగా లోపలికి వెళ్లింది. తర్వాత తలుపు వదిలేశాడు. రబ్బరు నిట్టూర్చింది.

అప్పుడు ఇటు తిరిగి, బల్ల దగ్గరున్న ఆమెను చూశాడు.

ఒకసారి ఆమెను, ఒకసారి తలుపుని చూశాడు. ఫోనులో పిల్ల అత్తా, అత్తా అంటోంది.

చిన్న గది కిటికీలో, సరిగ్గా ఆమె ముఖమంత ఎత్తులో, అద్దం లోపలి వైపు నుంచి మసకబారుతోంది. కాస్త చెరుగుతోంది. మళ్లీ మసకబారుతోంది.