గడియ పెట్టిన గదిలో బండి

గదిలోంచి మళ్ళీ మోటారుసైకిల్ చప్పుడు! పొయ్యి మీద బోర్లించిన కుండకి పిండిలో ముంచిన గుడ్డ తాకిస్తున్న శ్రీదుర్గ చెయ్యి అలాగే ఆగిపోయింది. కుండ మీది పూతరేకు మాడిపోయింది.

కిందటేడు కాలవగట్టు మీద బండితో సహా పడి, కుడిచేతి వేళ్ళు నలగ్గొట్టుకుని ఆసుపత్రిలో ఉన్నప్పుడే కదా, ఆమె భర్త శివనాగరాజు ఆమె తల మీద చెయ్యి వేసి, జన్మలో బండి జోలికి పోనని ఒట్టేశాడు! ఇప్పుడేమో భోజనం కాగానే గదిలో దూరి గడియ పెట్టుకుంటున్నాడు. అడిగితే ఏమీ లేదులే అంటాడు. కూతురు సత్యప్రియ కూడా తల్లి మొహంలోకి చూడడం మానేసింది. తండ్రీ కూతుళ్ళు కూడబలుక్కున్నారన్నమాట... అతని వేళ్ళు వంగక, మడతపెట్టబోయిన ప్రతి రేకూ పొడైపోతుంటే, ఇద్దరి పనీ తనొక్కతే చేసుకొస్తోంది. మనిషి దక్కాడు, అదే చాలనుకుంది. ఆ మనిషి మళ్ళీ బండెక్కితే...

లేచి వెళ్ళి తలుపుకి చెవి ఆనించింది.

"ఈసారి లారీ మీంచి దూకించెయ్యాలమ్మా. అమ్మకి మాత్రం చెప్పకు."

"ఆయ్, చెప్పను నాన్నగారూ."

శ్రీదుర్గ తలుపు దబదబా బాదింది. "తలుపు తియ్యండి. తియ్యకపోతే నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను" అంది ఏడుస్తూ.

తలుపు తెరుచుకుంది. బల్ల మీద సత్యప్రియ కాలేజీ లాప్‌టాప్. అందులో ఒక బొమ్మ బండి లారీ పక్కన బోర్లా పడి ఉంది.

"ఇంటర్నెట్‌లో ఆటేనమ్మా" అంది సత్యప్రియ. "వేళ్ళు ఆడిస్తూ ఉండమన్నారు కదా డాక్టరుగారు. రబ్బరు బంతి నొక్కమంటే విసుక్కునేవారు. ఇదైతే నొప్పి మర్చిపోయి నొక్కుతున్నారు."

"ఆటకి ఇంత దాపరికమెందుకండీ?"

శివనాగరాజు తల దించుకున్నాడు. "బొమ్మదైనా బండే కదా దుర్గా. నీ తల మీద ఒట్టేసేను. ఆడే ముందు రోజూ వాడపల్లి స్వామికి దణ్ణం పెట్టుకుని, దీన్ని లెక్కలో వెయ్యొద్దని అడుగుతున్నాను. నువ్వొక్కదానివే పొగలో కూచుని చేసుకుంటుంటే చూళ్ళేకపోయేను..."

ఎంత మాట అనుకుంది ఈ మనిషిని, మనసులో ఎన్నెన్ని తిట్టుకుంది! శ్రీదుర్గ ఆ చేతిని అందుకుని తన తల మీద పెట్టుకుంది.

"ఈ ఆట మటుకు ఆడుకోండి. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేనండి."

తల మీద ఆ వేళ్ళు మెల్లగా, ఒక్కొక్కటీ వంగి ఆమె జుట్టుని పట్టుకున్నాయి.

కళ్ళు తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఎప్పుడో మూలకి చేర్చిన అతని పీట తెచ్చి తన పీట పక్కన వేసింది.