తప్పంతా గాలిదే

పొద్దున్నే కుళాయి దగ్గర కూర్చుని మేరి కూతురి తెల్ల యూనిఫాం ఉతుకుతోంది. మామూలు ఉతుకుడు కాదది. నిమ్మచెక్క పెట్టి రుద్దాలి, సబ్బు పెట్టి రుద్దాలి, మళ్లీ వెలుతురులో పట్టుకుని చూడాలి. ఎంత రుద్దినా భుజం మీది మరకలు పాచిరంగుకు తిరిగి అక్కడే కూర్చుంటాయి. మట్టి మరకలైతే ఆమెకు బాధ లేదు. అవి మొగుడి గుట్కా ఉమ్మి మరకలు. తడి తగలగానే ఆ తీపి కంపు లేచి ముక్కుల్లోకి కొట్టింది.

"థూ! ఏం బతుకిది!" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

మొగుడు జయన్న ఆదోనిలో పత్తి మిల్లు ఫిట్టరు. రోజూ ఎమ్మిగనూరు నుంచి బండి మీద పోయి వస్తాడు. కూతురు కృప ఆదోనిలోనే నర్సింగు చదువుతోంది. బస్సు చేరేసరికి సగం క్లాసు అయిపోతుందని తండ్రి వెనకే పోతుంది. వాళ్ల ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి పిల్ల. మేరి మగ్గాలకు కండెలు చుట్టి చుట్టి చేతులు కాయలు కాయించుకున్నదంతా ఈ పిల్ల ఆ తెల్లబట్టలు వేసుకుంటే చూడాలనే.

ఆ మధ్య జయన్న బండికి ముందర గడ్డం దాకా వచ్చే పెద్ద ప్లాస్టిక్ అద్దం బిగించాడు. పాపకు దుమ్ము తగలకూడదని వీధంతా చెప్పుకున్నాడు. అసలు సంగతి మేరికి తెలుసు. ఎదురుగాలికి ఉమ్మి తన చొక్కా మీదే పడుతోందని బిగించుకున్నాడు మహానుభావుడు! అద్దం చాటున మూతి పక్కకు తిప్పి హాయిగా ఊయొచ్చు కదా. చొక్కా బాగుపడింది. అద్దం మీదుగా లేచిన గాలి మాత్రం వెనక సుడి తిరిగి పిల్ల తల మీద గుద్దడం మొదలుపెట్టింది. సుడితో పాటే తుంపర్లు.

"తల దిమ్మెక్కుతాందిమా. చెవుల్లో డప్పు కొట్టినట్లుంటాది," అంది కృప జడ అల్లుకుంటూ. "క్లాసులో నా పక్కన ఎవ్వరూ కూచోరు. వాసన అంటాండారు."

జయన్న బుగ్గలో ముద్ద పక్కకు తోసి, "అది గాలి తప్పు పాపా. గాలిని సరిచేస్తే అన్నీ సరిపోతాయి. ఈ ఆదివారం సూడు," అన్నాడు.

"గాలి గుట్కా తింటాందా?" అంది మేరి.

"నువ్వూరుకోమ్మే! ఫిట్టర్ని, నాకు సెప్తావా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వరస. కానీ ఆదివారం మనిషి మాట నిలబెట్టుకున్నాడు. చర్చి నుంచి రాగానే పానాలు ముందేసుకుని కూర్చున్నాడు. మేరి కండెల బుట్టలోంచి దారాలు తెంపి అద్దం అంచులకూ తన వీపుకూ అంటించుకున్నాడు. "ఎక్కు. దారాలెట్ల ఎగురుతాయో సూసి సెప్పు," అని పెళ్లాన్ని వెనక కూర్చోబెట్టుకుని ఆదోని రోడ్డెక్కాడు.

మొదటిసారి దారాలు దయ్యం పట్టినట్టు గిరగిరా తిరిగాయి. మేరి తల అటూ ఇటూ ఊగిపోయింది. అద్దం ఇంకా ఎత్తితే ఇంకా ఎక్కువైంది. ఆఖరికి జయన్న రోడ్డు పక్కన బండి ఆపి అద్దాన్ని ఛాతీ దాకా దించాడు, కొంచెం వెనక్కి వాల్చాడు, కిందివైపు నాలుగు వేళ్లు పట్టేంత సందు వదిలాడు.

"కింద నుంచి రవ్వంత గాలి పోనిస్తే ఎనక సుడి పుట్టదు," అన్నాడు.

నిజమే! దారాలన్నీ వెనక్కి తిన్నగా పడుకున్నాయి. మేరి మొహానికి చల్లగాలి సాఫీగా తగిలింది. చెవుల్లో డప్పు లేదు. ఎన్నాళ్లకో ఆమెకు మొగుణ్ని చూస్తే ముచ్చటేసింది. చేతిలో ఇంత పని పెట్టుకుని నోట్లో ఆ దరిద్రమేమిటో అనుకుంది. ఆదివారం పాస్టరు భయానికి జయన్న గుట్కా ముట్టడు. ఆ సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

సోమవారం మధ్యాహ్నానికే కృప బస్సు దిగి ఇంటికొచ్చింది. చెంప మీద కడుక్కున్నా పోని ఎర్రచార. మెడ దగ్గర్నుంచి ఛాతీ దాకా యూనిఫాం మీద ఎండి అట్టకట్టిన గుట్కా రసం, వక్కపలుకులతో సహా. సుడి పోయింది కదా, గాలి తిన్నగా వెనక్కి వచ్చింది, గాలితో పాటు నోటినిండా ఊసినదీ తిన్నగానే వచ్చింది. ఆకాశం మీద ఉమ్మితే ఉమ్మినోడి మొహానే పడుతుందంటారు. జయన్న ఉమ్మి కూతురి మొహాన పడింది.

"ఈ పొద్దు మొదటిసారి వార్డుకు పంపినారుమా," అంది కృప. "సిస్టరు వాకిట్లోనే నిలబెట్టేసింది. ఈ బట్టల్తో రోగుల దగ్గరికి రావద్దనింది, అందరి ముందర. నేనింక పోను. నీతో పాటు కండెలు చుడతా."

మేరి ఆ బట్టలు విప్పించి, ఉతక్కుండా బేసిన్లో నానేసి పెట్టింది.

పొద్దున పిల్లను దింపి వెనక్కి చూడకుండా మిల్లుకు పోయిన జయన్న సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చాడు. "ఏం పాపా, గాలి ఎట్లుండె? తల నొయ్యలే కదా?"

మేరి బేసిన్ తెచ్చి ఆయన కాళ్ల ముందు దబ్బున పెట్టింది. "ఉతుకు."

"నేనా?"

"నీ నోట్లోదే కదా! పాస్టరు ముందర పెట్టుకోవు, కన్నకూతురి ముందర పెట్టుకుంటావా? పిల్ల సదువు మానేస్తానంటాంది. సేతులు పెట్టి ఉతుకు, సూస్తా!"

జయన్న గడప మీద కూర్చున్న కృప చెంప చూశాడు. గొంతుకూర్చుని నీళ్లలో చేయి పెట్టాడు. నానిన గుట్కా జిగటగా వేళ్లకు చుట్టుకుంది. తీగలు తీగలుగా సాగింది. కంపు గుప్పున లేచింది. రెండోసారి రుద్దేలోపే లేచి కాలవ దగ్గరికి పరుగెత్తి భళ్లున కక్కేశాడు. ఛీ, తన నోట్లోంచి వచ్చిందే తనకు పడలేదు!

మూతి తుడుచుకుని వచ్చాడు. కళ్లనిండా నీళ్లు. "ఇన్నాళ్లూ దీన్ని నువ్వెట్ల ఉతికినావు మేరీ?"

"ఉతికిన పొద్దు అన్నం తినబుద్ధి కాకపోయేది," అందామె. అంతవరకూ పట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

జయన్న జేబులో పొట్లాలన్నీ తీసి కాలవలో పారేశాడు. మళ్లీ కూర్చుని, ఏడుస్తూ, ముక్కు మూసుకోకుండా, ఆ బట్టలు మూడు నీళ్లు తీశాడు.

"తప్పు గాలిది కాదు పాపా, నాదే," అన్నాడు.



మర్నాడు పొద్దున బండి వాకిట్లోకి వచ్చింది. కృప తడి పూర్తిగా ఆరని తెల్లబట్టలతో గడప దిగింది గానీ బండెక్కలేదు. తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నోరు తెరువు నాయినా."

జయన్న వీధి మధ్యలో నోరు తెరిచాడు. కృప గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది. ఒక బుగ్గ చూసింది, రెండో బుగ్గ చూసింది, నాలుక ఎత్తమంది. ఎదురింటి ఎల్లమ్మ చీపురు పట్టుకుని, "ఏంది జయన్నా, పంటినొప్పా?" అని కేకేసింది. జయన్న నోరు మూయలేదు.

"రేపు కూడా సూస్తా, ఎల్లుండి కూడా సూస్తా," అంది కృప. "కండ్లబడిందంటే బండెక్కను."

పిల్ల వెనక ఎక్కి కూర్చున్నాక కూడా, ఇక మూసుకోవచ్చని మేరి చెప్పేదాకా, జయన్న అట్లే నోరు తెరుచుకుని ఉన్నాడు.