పక్క సీట్లో గొంతు

"అదిగో, మళ్లీ పడింది," అన్నాడు బుల్లబ్బాయి.

కంప్యూటర్ తెర మీద ఎర్ర కారు పల్టీలు కొడుతూ లోయలోకి పోయింది. ఫణిశ్రీ కీబోర్డు మీద నుంచి చేతులు తీసి తమ్ముడి వైపు గుర్రుగా చూసింది.

"నాకూ కళ్లున్నాయి. నువ్వు చెప్పక్కర్లేదు."

ఆ రోజు శనివారం. ఒంటిపూట బడి. మండపేటలో రైస్ మిల్లు వెనక సందులో మణిశంకర్ కంప్యూటర్ సెంటర్ ఉంది. బడి వదలగానే పిల్లలంతా అక్కడే. ఫణిశ్రీది ఏడో తరగతి, బుల్లబ్బాయిది మూడు. వాడికి బళ్లో వేరే పేరుంది. ఆ పేరుతో పిలిస్తే వాడే పలకడు.

వాళ్లు ఆడేది ర్యాలీ గేమ్. అది మామూలు రేసు కాదు. అడవుల్లో, కొండల మీద మట్టి రోడ్డు. కారు ఒంటరిగా పోతుంది. డ్రైవర్ పక్క సీట్లో ఇంకో మనిషి ఉంటాడు. రాబోయే మలుపు ఎటు తిరుగుతుందో ముందే చెప్పడం అతని పని. హెల్మెట్ వల్ల ముఖం కనపడదు. "లెఫ్ట్... రైట్..." అని గొంతు మాత్రం వినపడుతుంది.

ఫణిశ్రీ అన్ని స్టేజీలూ గెలిచింది, ఒక్క పొగమంచు స్టేజీ తప్ప. అందులో తెరంతా తెల్లగా ఉంటుంది. చెట్లు ఉన్నట్టుండి మీదికి వస్తాయి. ఆ తెలుపులో, చెవి పక్కనే, గరగరమంటూ ఆ గొంతు. మొదటిసారి విన్నప్పుడే ఫణిశ్రీకి వెన్నులో చలి పుట్టింది. ఆ రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి గొంతు ఆపేసింది.

"వాడి నస ఎవడు వింటాడు?" అని అందరి దగ్గరా గొప్పలు పోయింది. భయమేసిందని చెప్తే ఊళ్లో తలెత్తుకోనిస్తారా మరి?

"పిల్లలూ, ఇటు వినండి," అన్నాడు మణిశంకర్, చేతిలో టీ గ్లాసు ఊపుతూ. "రేపు వచ్చేస్తోంది. ర్యాలీ రెండో భాగం."

ఎక్కడి వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

వేసవి సెలవుల నుంచీ దాని కోసమే ఎదురుచూపు. పేపర్లో పడిన దాని బొమ్మని ఫణిశ్రీ కత్తిరించి జామెట్రీ బాక్సు మూతలో అతికించుకుంది. లెక్కల క్లాసులో మూత తెరిచి ఆ బొమ్మనే చూసేది. ఆ సంవత్సరం ఆమెకి లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

"రాజమండ్రి నుంచి మా ఫ్రెండు మొదటి బస్సుకి సీడీ తెస్తున్నాడు. ముందు ఎవరొస్తే వాళ్లదే మొదటి ఆట," అన్నాడు మణిశంకర్. "ఇంకో సంగతి. ఈసారి పక్క సీట్లో కూడా మనిషే కూర్చోవచ్చు. ఒకళ్లు నడపాలి, ఒకళ్లు దారి చెప్పాలి."

బుల్లబ్బాయి కళ్లు ఇంతింత అయ్యాయి. "అక్కా, పక్క సీట్లో నేను కూర్చుంటాను."

"నోరు మూసుకుని కూర్చునేటట్టయితే చూద్దాం," అంది ఫణిశ్రీ.

ఇంటికి వెళ్లేటప్పుడు ఉదయ్‌భాస్కర్ సైకిల్ పక్కకి తెచ్చాడు. వాడిదీ వీళ్ల ఊరే, ఫణిశ్రీ క్లాసే. రేపు మొదటి ఆట తనదే కావాలని వాడికీ ఉంది.

"పొద్దున్నే కాలవ గట్టు మీద రాకు. మంచులో అక్కడ ఎవరో పిలుస్తారంట," అన్నాడు గొంతు తగ్గించి. "పలికామా, అంతే. కాలవలోకి లాక్కుపోతారంట."

"పో రా, చెప్పొచ్చావు," అంది ఫణిశ్రీ. కానీ ఆ రాత్రి దుప్పటి తల నిండా కప్పుకునే పడుకుంది.

ఆదివారం తెల్లవారేసరికి వీధి లేదు. నిజంగానే లేదు. గుమ్మం దాటితే అంతా తెలుపే. ఎదురింటి అరుగు, కరెంటు స్తంభం, కొబ్బరిచెట్లు, అన్నీ మంచులో మాయమైపోయాయి.

"మంచు విడాక వెళ్లండి," అంది అమ్మ.

"అలాగే," అంది ఫణిశ్రీ. అమ్మ పాలు పితకడానికి పాకలోకి వెళ్లిందో లేదో, సైకిల్ బయటికి తీసింది. బుల్లబ్బాయి వెనక క్యారేజీ మీదికి ఎగిరి కూర్చున్నాడు.

వాళ్ల ఊరి నుంచి మండపేటకి తార్రోడ్డు చుట్టు. కాలవ గట్టు దగ్గర దారి. ఫణిశ్రీ గట్టే ఎక్కింది.

కుడి పక్క కాలవ. ఎడమ పక్క, కింద, వరి చేలు. రెండూ కనపడటం లేదు. తన చేతులు కనపడుతున్నాయి, ముందు చక్రం కనపడీ కనపడనట్టుంది. జుట్టు మీద, కనురెప్పల మీద తడి. ఎక్కడో ఒక పిట్ట కూసి ఆగిపోయింది. అది ఆగాక నిశ్శబ్దం ఇంకా ఎక్కువైంది. అచ్చం ఆ స్టేజీలాగే ఉంది అనుకుంది ఫణిశ్రీ. అనుకోకుండా ఉంటే బాగుండేది.

అప్పుడు వినపడింది ఆ గొంతు.

"దా... ప..."

ఫణిశ్రీ చేతులు హ్యాండిల్ మీద బిగుసుకున్నాయి. ముసలి గొంతు, బొంగురుగా. ముందు నుంచో, పక్క నుంచో తెలియటం లేదు.

"దా... పట్..."

దా. పట్టు. రమ్మంటోంది. పట్టుకుంటానంటోంది.

"అక్కా," అన్నాడు బుల్లబ్బాయి, "అది దాపట అంటోంది. దాపటంటే..."

"పలక్కు."

"కాదక్కా, దాపటంటే ఎడ..."

"నోర్ముయ్ అన్నానా. ఏం వినపడినా సరే, పలక్కు."

బుల్లబ్బాయి నోరు మూశాడు. గొంతు ఈసారి మరీ దగ్గరగా వచ్చింది, ఎడమ పక్క నుంచే వచ్చినట్టుంది. ఫణిశ్రీ హ్యాండిల్ గబుక్కున కుడికి తిప్పి, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది.

చక్రం కింద నేల లేదు.

సైకిల్ ఒరిగింది. మట్టి, గడ్డి, చల్లటి నీళ్లు. కళ్లు తెరిచేసరికి ఫణిశ్రీ మోకాలి లోతు బురదలో, జమ్ము మొక్కల మధ్య కూర్చుని ఉంది. సైకిల్ గట్టు వాలులో ఇరుక్కుని ఉంది. దాని వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. క్యారేజీ మీద ఎవరూ లేరు.

"బుల్లబ్బాయ్."

జవాబు లేదు.

"ఒరేయ్, బుల్లబ్బాయ్."

ఎటు చూసినా తెలుపే. కాలవ నీళ్లు మెల్లగా పోతున్న చప్పుడు. ఆ నీళ్లలో ఏముందో కనపడటం లేదు. పొద్దున్న లేచింది మొదలు నోరు ఆగని వాడు. క్లాసులో టీచర్‌తో, బావి దగ్గర కప్పలతో కూడా మాట్లాడేవాడు. ఇప్పుడు ఒక్క మాట లేదు.

"మాట్లాడరా," అంది ఫణిశ్రీ. ఏడుపొచ్చేసింది. "నస పెట్టరా. ఏదో ఒకటి అనరా, నీకు పుణ్యముంటుంది."

కాసేపటికి మంచులోంచి సన్నటి గొంతు వచ్చింది.

"పలకొద్దన్నావుగా."

ఫణిశ్రీకి ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడున్నావు? నాకు కనపడట్లేదు."

"నువ్వు నాకు కొంచెం కనపడుతున్నావు. జమ్ము పట్టుకున్నాను. కాళ్లకి నేల అందట్లేదు."

"ఎటు రావాలో చెప్పు. నువ్వు చెప్పినట్టే వస్తాను."

"నీ ఎడం చేతి వైపు. ఇంకా. అంత కాదు, వెనక్కి. ఆ, చెయ్యి చాపు."

చాపిన చేతికి తమ్ముడి చొక్కా తగిలింది. ఫణిశ్రీ గట్టిగా లాగి గుండెలకి హత్తుకుంది. ఇద్దరి పళ్లూ టకటకా కొట్టుకుంటున్నాయి.

పైన ఏదో వెలుగు కదిలింది. గజ్జెల చప్పుడు. ఫణిశ్రీ తమ్ముణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఎవరర్రా కింద?"

ఆ గొంతే. కానీ టార్చిలైటు వెనక ఉన్నది వాళ్ల వీధి చివరి ఇంటి అచ్చిబాబు తాత. గట్టు మీద ఆయన గడ్డిబండి ఆగి ఉంది. ఎడ్లు ముక్కుల్లోంచి ఆవిరి వదులుతున్నాయి. తాత దిగి వచ్చి, పలుపుతాడు అందించి ఒక్కొక్కళ్లనే పైకి లాగాడు. సైకిల్‌నీ లాగాడు. తలపాగా విప్పి బుల్లబ్బాయి తల తుడిచాడు.

"పిలిచింది నువ్వా తాతా?" అంది ఫణిశ్రీ.

"నేనెవరినీ పిలవలేదమ్మా. ఎడ్లతో అంటున్నాను. ఇక్కడ కుడి పక్కన గట్టు జారిపోయింది గదా, దాపటికి తోలుకుంటున్నాను."

"నేను చెప్పబోయాను," అన్నాడు బుల్లబ్బాయి. రోజూ సాయంత్రం తాత బండెక్కి పొలం దాకా వెళ్లొచ్చేది వాడే. "దాపటంటే ఎడం పక్క. ఎలపటంటే కుడి పక్క. అక్క వినలేదు."

ఫణిశ్రీ తల వంచుకుని కాళ్లకంటిన బురద తుడుచుకుంది.

"తిన్నగా ఇంటికి పోండి. నడిచి పోండి," అన్నాడు తాత. బండి మండపేట వైపు కదిలింది. గజ్జెల చప్పుడు కూడా మంచులో కలిసిపోయింది.

సైకిల్ చైన్ ఊడింది. ఫణిశ్రీ దాన్ని ఊరి వైపు తిప్పి నిలబెట్టి, వంగి చైన్ ఎక్కిస్తోంది. అప్పుడే ఎదురుగా, ఊరి వైపు నుంచి సైకిల్ బెల్లు మోగింది. ట్రింగ్ ట్రింగ్. ఆ బెల్లు అందరికీ తెలుసు. ఉదయ్‌భాస్కర్‌ది. జోరుగా వస్తోంది.

మొదటి ఆట వాడిదే. ఇంక అనుమానం లేదు. వేసవి నుంచీ ఎదురుచూసింది తను, బొమ్మ అతికించుకుంది తను. పైగా నిన్న పిలుపులూ లాక్కుపోవడాలూ అని లేనిపోనివి ఎక్కించింది వాడే. పడితే పడనీ, తెలిసొస్తుంది అనిపించింది ఫణిశ్రీకి. అనిపించింది ఒక్క క్షణమే. చొక్కాలోంచి నీళ్లు కారుతున్న తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు.

జారిన గట్టు ఇప్పుడు తనకి ఎడమ పక్కన ఉంది. అంటే కుడికి రమ్మనాలి. ఫణిశ్రీ నోటి దగ్గర చేతులు పెట్టుకుని అరవబోయింది. "ఎల..."

బుల్లబ్బాయి ఆమె చెయ్యి లాగాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, అక్క వైపు చూశాడు.

"ఏంట్రా? చెప్పు," అంది ఫణిశ్రీ.

"వాడు ఎదురొస్తున్నాడు కదక్కా. మన కుడి వాడికి ఎడం. దాపట అనాలి."

ఫణిశ్రీ ఒక్క క్షణం ఆలోచించింది. నిజమే. తను అనబోయినట్టే అని ఉంటే వాడు తిన్నగా కాలవలోకే పోయేవాడు.

"దాపట," అని అరిచింది. "దాపట."

బెల్లు ఆగింది. తర్వాత వణుకుతున్న గొంతొకటి, "ఆంజనేయ స్వామీ, ఆంజనేయ స్వామీ," అని గొణగడం వినపడింది.

"నేనేరా, ఫణిశ్రీని. గట్టు జారింది. దిగి, నీ ఎడం పక్కగా నడిచి రా. నా మాట వింటూ రా. ఎడం... ఇంకొంచెం ఎడం... ఇప్పుడు తిన్నగా."

ఉదయ్‌భాస్కర్ మంచులోంచి బయటపడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. జారిన గట్టు వైపు చూశాడు. తడిసిన ఇద్దరి వైపూ చూశాడు.

"మీరు రారా? సీడీ వచ్చేసి ఉంటుంది," అన్నాడు.

"నువ్వెళ్లు. ఎక్కకు, నడుచుకుంటూ వెళ్లు," అంది ఫణిశ్రీ.

వాడు వెళ్లిపోయాడు. బుల్లబ్బాయి కాసేపు ఆ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"మొదటి ఆట వాడు ఆడేస్తాడక్కా."

"ఆడనీ. నువ్వు వెనక ఎక్కు. నేను నడిపిస్తాను."

ఫణిశ్రీ సైకిల్ నడిపిస్తూ రెండు అడుగులు వేసింది. ముందు చక్రం మళ్లీ తెలుపులో కలిసిపోయింది. పక్కనే ఎక్కడో కాలవ.

"అక్కా," అన్నాడు బుల్లబ్బాయి వెనక నుంచి, మెల్లగా. "మన ఆట వచ్చినప్పుడు నేను నోరు మూసుకునే కూర్చుంటానులే. పక్క సీటు మాత్రం నాకే ఇవ్వు."

"నోరు మూసుకునేవాడు నాకెందుకురా?" అంది ఫణిశ్రీ. ఆగి, వాడి కాళ్లు చక్రంలో పడకుండా సర్దింది. "నాకు ముందేమీ కనపడట్లేదు. ఎటు వెళ్లాలో చెప్పు."

బుల్లబ్బాయి చెవులు రిక్కించి నీళ్ల చప్పుడు విన్నాడు. విని, గొంతు సర్దుకుని, అచ్చిబాబు తాతలా బొంగురుగా అన్నాడు.

"ఎలపట."

ఫణిశ్రీ హ్యాండిల్ కుడికి తిప్పింది.