కడగని చెయ్యి

"తూ!"

కరీమున్ నోట్లో ముద్దని ఆకు పక్కన ఉమ్మేస్తుంది.

"మా బాజీ చెయ్యి కాదయ్యా. ఈళ్లు పచ్చి వెల్లుల్లి ఏశారు. ఉప్పూ తక్కువే."

ఎదురుగా కూర్చున్న యలమంద విసుగ్గా వాచీ చూసుకుంటాడు. బందరులో ఇది రెండో హోటల్!

తెల్లారేసరికి చిలకలూరిపేటలో ఆమెను సుమో ఎక్కించాడు. పోలీసునన్నాడు. ఎంత మర్యాద! డచ్చివాళ్ల సమాధులు చూపించాడు. లడ్డూ కొనిపెట్టాడు.

ఆమె కొడుకు బాజీ పద్నాలుగు నెలలుగా దాక్కుని తిరుగుతున్నాడు. పత్తి మిల్లు ఓనరు వెంకటనారాయణ తన పార్ట్‌నర్‌ని బేళ్ల మధ్య నరుకుతుంటే చూసింది వాడొక్కడే. సోమవారం కోర్టులో సాక్ష్యం. ఎస్టీడీ బూత్ నుంచి ఒక్కసారి ఫోన్ చేశాడు...

"బందరులో హోటల్లో వంట చేస్తన్నానమ్మా."

అంతే. ఏ హోటలో చెప్పలేదు. పేరు కూడా మార్చుకున్నాడట.

పేరు మార్చుకున్నాడు సరే... పండుమిరప పచ్చడి మార్చుకోగలడా? వెల్లుల్లిని నిప్పుల్లో కాల్చి రోట్లో దంచడం కరీమున్ నేర్పిన పద్ధతి. అది విన్నాకే యలమంద ఆమెను తీసుకొచ్చాడు.

"కిచెన్లోకి తొంగిచూస్తే బెదిరి పారిపోతాడమ్మా. నువ్వు రుచి చూసి చెప్పు, చాలు. కోర్టుదాకా కాపాడే పూచీ నాది."

పిచ్చిది, నమ్మింది.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తుంది. గోడ అవతల సెల్‌ఫోన్లో యలమంద గొంతు!

"సార్... దొరకంగానే అక్కడే లేపేస్తా. ముసల్దా? తిరుగు దార్లో కృష్ణలోకి తోసేస్తే సరి."

ఆమె చెంబుని చప్పుడు కాకుండా కింద పెడుతుంది.

పోలీసు కాదు... వెంకటనారాయణ మనిషి!

తను పారిపోవచ్చు. పారిపోతే వీడు ఒక్కో హోటల్లోకీ దూరి గాలిస్తాడు. ఇప్పుడు తన నోరొక్కటే అడ్డం. ఎక్కడ తిన్నా 'కాదు' అనాలి.

మూడో హోటల్. గిలకలదిండి రోడ్డులో రేకుల షెడ్డు.

ఆకులో వేడి అన్నం. పక్కన ఎర్రగా పచ్చడి.

ముద్ద నోట్లో పెట్టుకుంటుంది...

కాల్చిన వెల్లుల్లి!

వాడే! పది అడుగుల దూరంలో, ఆ తడిక వెనక!

ఏడుపు గొంతుదాకా తన్నుకొస్తుంది. ముద్దతో పాటు దాన్నీ మింగుతుంది.

"చెప్పమ్మా!"

"కాదు."

"సరే... పద."

సుమో షెడ్డు పక్క సందులో ఉంది. కరీమున్ ముందు సీట్లో కూర్చుంటుంది. యలమంద తాళం తిప్పబోయి ఆగిపోతాడు. ఆమె కుడి చేతినే చూస్తాడు. పిడికిలి బిగించి ఉంది.

"చెయ్యి కడుక్కోలేదేం?"

ఆమె పిడికిలి వెనక్కి లాక్కుంటుంది.

"రెండు చోట్లా ఉమ్మేశావ్. వంక పెట్టావ్. చెయ్యి కడుక్కుని వచ్చావ్. ఇక్కడ వంకే లేదేంటి పెద్దమ్మా?"

కడగబుద్ధి కాలేదు. పద్నాలుగు నెలలకి కొడుకు చేతి ముద్ద! ఎంత పని చేసింది...

యలమంద నవ్వుతాడు. సీటు కింద నుంచి రివాల్వర్ తీస్తాడు.

"థాంక్స్. ఇక్కడే కూర్చో."

డోర్ తెరుస్తాడు.

కరీమున్ చెయ్యి లేస్తుంది!

పండుమిరప కారం... వాడి రెండు కళ్లల్లోనూ! రుద్దుతుంది. కసిగా, గోళ్లు దిగేలా రుద్దుతుంది!

"అబ్బా! నిన్నూ..."

వాడు సందులోకి పడతాడు. రివాల్వర్ మాత్రం వదలడు.

"బాజీ! పారిపోరా! చంపుతాడు, పారిపో!"

ఆ కేకకి సందు దద్దరిల్లుతుంది.

షెడ్డు వెనక తలుపు దబ్బున తెరుచుకుంటుంది. బాజీ! చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు. చేతిలో పచ్చడి బండ. అమ్మ గొంతు విన్నాక ఏ కొడుకు పారిపోతాడు?

యలమంద మోకాళ్ల మీద లేచాడు. కళ్ల నుంచి ధారలు. అరుపు ఆపేశాడు. రివాల్వర్ ఎత్తి, తల కాస్త పక్కకి వంచాడు.

చూడటం లేదు... వింటున్నాడు!

కరీమున్ కారం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కొడుక్కి సైగ చేస్తుంది. మాట్లాడకురా... మాట్లాడకు!

బాజీకి అర్థం కాదు. అమ్మ ఏడుస్తోందనుకుంటాడు.

"అమ్మా!"

ఢాం!